ఉల్మర్ వాళ్ళమ్మాయికి మా మేడగది

ఇంటిపేరు అడగకుండా మా అవ్వ ఎవరికీ గది అద్దెకివ్వదు. ఈ రోజు పొద్దున మేడగది చూడడానికి లీనా అనే జర్మనీ అమ్మాయి వచ్చింది. వేరుశనగ పంట మీద పరిశోధన చేస్తోందట. ఆమె సంచిలో మూడు నవలలు కనిపించాయి. దేవుడా, ఈమెకే గది దొరకాలి అనుకున్నాను.

ఇంటిపేరు ఉల్మర్ అని చెప్పింది. ఎన్నో తరాల కింద వాళ్ళు ఉల్మ్ అనే ఊరు వదిలి వేరే ఊరికి పోతే, అక్కడివాళ్ళు అలా పిలిచారట. అవ్వ ముఖం విప్పారింది. బావులెండిపోయి పామిడి వదిలి అనంతపురం వచ్చాకే మాకూ పామిడివాళ్ళని పేరు పడింది.

"మీరూ నీళ్ళు లేకనే ఊరిడిసినారా పాపా?"

నేను ఇంగ్లీషులో అడిగి, లీనా జవాబు తెలుగులో చెప్పాను. "కాదవ్వా. ఏటా వరదొచ్చి ఏరు ఇంట్లోకి వచ్చేదంట."

అవ్వ నన్ను అనుమానంగా చూసింది. "సరిగ్గా అడుగు మే. నీళ్ళు ఎక్కువై ఊరిడిసేటోళ్ళు యాడన్నా ఉంటారా?"

మళ్ళీ అడిగాను. అదే జవాబు. గది పోయినట్టే అనుకున్నాను. అవ్వ మాత్రం నడుముకున్న తాళంచెవి తీసింది.

"ఇచ్చేయి. మూడ్రోజులకొకసారి కొళాయి వచ్చే ఇల్లు ఈ పాపకే సరిపోతాది."

అప్పటినుంచి నేను పనేమీ లేకుండానే మేడమెట్లు ఎక్కి దిగుతున్నాను. మీ ఇంటిపేరు ఏ ఊరిది? ఆ ఊరు ఎందుకు వదిలారు? రాయండి, అవ్వకు చదివి వినిపించాలి.