మేడమ్ కూర్చోమన్నా భవాని కూర్చోలేదు

పదవీ విరమణకు ఏడాది ముందు, జూన్ నెలలో, నన్ను గుడివాడ నుంచి అవనిగడ్డ వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వేశారు. అలా రాసుకోవడం నాకిష్టం. ఉత్తర్వుల్లో ఉన్నది మాత్రం ‘ఇన్‌ఛార్జి’. అసలు హోదా ఇంగ్లీషు లెక్చరర్. కొత్తాయన వచ్చేదాకా కుర్చీకి కాపలా.

ఆ ఏడాది భవాని అనే బైపీసీ అమ్మాయి పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు చేసింది. ఆ సీటు నేనే ఇప్పించానని, రిటైరయ్యాక స్థిరపడిన మచిలీపట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటాను. జరిగింది వేరు.

మనకు తెలిసిన ప్రవేశాలు ర్యాంకుతో తేలిపోతాయి. అక్కడ మార్కులు మొదటి వడపోత మాత్రమే. ఆపైన సొంతంగా రాసిన వ్యాసం, లెక్చరర్ల సిఫారసు, చివర ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అందులో నెగ్గితే ఫీజు, హాస్టలు పూర్తిగా మాఫీ. లేకపోతే ఆ ఊసే ఎత్తనక్కర్లేదు. తండ్రి నాగరాజు పాలకాయతిప్ప దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. సముద్రజీవుల గురించే చదువుతానని పిల్ల పట్టు.

ఇంటర్వ్యూకి రెండు వారాల శిక్షణ నేనే ఇచ్చాను. అంటే, ప్రశ్నలు నేనే వేసి, జవాబులు నేనే రాసి, ఆమె అప్పజెబితే నేనే మెచ్చుకున్నాను.

కాలేజీలో నెట్ సరిగ్గా వచ్చేది నా గదిలోనే. భవానిని బతిమాలి నా కుర్చీలో కూర్చోబెట్టాను. గదిలో అభ్యర్థి తప్ప ఎవరూ ఉండకూడదన్నది నియమం. నెట్ పోతే ఎలా అని నాకు నేనే మినహాయింపు ఇచ్చుకుని, లాప్‌టాప్ వెనక, కెమెరాకు కనబడకుండా స్టూలు మీద కూర్చున్నాను.

ప్యానెల్‌లోని ముగ్గురు ప్రొఫెసర్లు తెర మీదికొచ్చి ‘గుడ్ మార్నింగ్’ అన్నారు. పైఅధికారుల గొంతులా వినబడగానే అలవాటుకొద్దీ నేను లేచి నిలబడ్డాను. నన్ను చూసి భవాని లేచింది. ఇక కెమెరాలో వాళ్ళకు కనబడింది ఆమె చున్నీ అంచు, వెనక కుర్చీ.

కూర్చోమని ప్యానెల్‌లోని మేడమ్ ఇంగ్లీషులో అన్నారు. భవాని థాంక్యూ చెప్పింది, కూర్చోలేదు. రెండోసారీ అంతే. నేను కూర్చోమని చేత్తో సైగలు చేస్తున్నానే గానీ, నిలబడే చేస్తున్నాను.

“మా ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు మేడమ్,” అంది భవాని ఇంగ్లీషులోనే.

బల్ల కింద నక్కుదామని వంగాను కూడా, మోకాళ్ళు ఒప్పుకోలేదు. కెమెరా ముందుకు వెళ్ళి హోదాతో సహా పరిచయం చేసుకున్నాను. ఇన్‌ఛార్జి అన్న ముక్క వదిలేశాను. నియమాలు చదివారా అని మేడమ్ అడిగారు. చదివానన్నాను. “అయితే బయటికి వెళ్ళండి. ముందు ఆ అమ్మాయిని కూర్చోమనండి, మీరు చెబితేనే కూర్చునేలా ఉంది,” అన్నారు.

చెప్పి వెళ్ళాను. వరండాలో నాగరాజు ఉన్నాడు.

“అదేంటి సార్, మీ గదిలోంచి మిమ్మల్నే గెంటేశారా?”

“గాలి కోసం వచ్చానయ్యా.”

“గాలికొచ్చినోళ్ళకి ఇంత చెమటేంటండీ,” అన్నాడు. మళ్ళీ తనే, “పిల్లదానికి ఈ దెబ్బతో సీటు పోదు గదా సార్?” అన్నాడు. పోవచ్చని నాకు తెలుసు.

తలుపు తెరుచుకునేసరికి ఇద్దరం ఎదురెళ్ళాం. నేను రాసిచ్చిన ప్రశ్నల్లో ఏమేం అడిగారన్నాను.

“అవేం అడగలేదండి. ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం వల్ల చేపలు పెరుగుతాయి గదా, మీవాళ్ళు ఎందుకు గొణుగుతారని ఒకాయన అడిగారు. ఆ రోజుల్లో మా ఇల్లెలా గడుస్తుందో చెప్పానండి. ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.”

“ప్రొఫెసర్‌తో వాదించావా?”

“కూర్చునే వాదించానండి.”

కొన్ని వారాలకు సీటు వచ్చింది, మాఫీతో సహా. బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ కట్టించాం. అందులో నా ఫొటో ఆమె ఫొటో కంటే పెద్దది. అది ఫ్లెక్సీ షాపువాడి పొరపాటని అప్పట్లో అందరికీ చెప్పాను. కాదు.

ఆ సంఘటన వల్ల కాలేజీలో ఒక పద్ధతి మార్చాను. తరగతిలో పిల్లలు కూర్చునే జవాబు చెప్పాలన్నాను; లెక్చరర్లు సణిగారు. అలాంటి చోట్ల ఎంపిక చేసేవాళ్ళు పిల్ల ఏమనుకుంటుందో వినాలనుకుంటారు. మనం నేర్పేది పెద్దవాళ్ళ ముఖం చూసి మాట్లాడటం. దరఖాస్తు నింపించే ముందు ఆ అలవాటు మాన్పించాలి. అందుకు రెండు వారాలు చాలవు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.