రత్తమ్మ గారు చదివిన ఉత్తరం

సినిమాలో తల్లి కూతురి బడిసంచీ బోర్లించింది. పుస్తకాల మధ్య నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి జారి నేలమీద పడింది. ఆవిడ వంగి తీసి మడత విప్పుతుంటే కాగితం చిన్నగా చప్పుడు చేసింది. అంతే, రిమోట్ అందుకుని శబ్దం తగ్గించేశాను. లేచి వీధివైపు కిటికీ మూశాను. తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చాను. మిట్టమధ్యాహ్నం, దసరా సెలవులు, ఇంట్లో నేను తప్ప పిల్లి కూడా లేదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ తెలుగు పంతులమ్మని, నా ఇంట్లో నేను దొంగలా కూర్చున్నాను.

ఆ సినిమా పెట్టిచ్చింది మా తమ్ముడి కూతురు వాసంతి. నా దగ్గరే ఉండి నరసరావుపేటలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. పొద్దున వెళ్తూ, "ఇది చూడత్తా, నీకు నచ్చుద్ది," అని టీవీలో పెట్టి పోయింది. ఏదో పరాయి భాష, కింద తెలుగు అక్షరాలు. ఏటి ఒడ్డున చిన్న ఊరు, ఒకే బళ్ళో చదివే ఇద్దరు పదహారేళ్ళ ఆడపిల్లలు. వాళ్ళ మధ్య ఉన్నది మెల్లమెల్లగా స్నేహం అనే మాటలో ఇమడకుండా పోతుంది. ఆ పిల్లలు పక్కపక్కన సైకిళ్ళు తొక్కుతూ నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. వాళ్ళ మొహాలు వదిలేసి, వెనక గుమ్మాల్లో ఎవరైనా నిలబడి చూస్తున్నారేమోనని అటే వెతుకుతూ కూర్చున్నాను. ఇంతకీ ఇది నాకే ఎందుకు నచ్చుతుందనుకుంది వాసంతి?

కాగితం మడత విప్పే ఆ చప్పుడు నాకు రత్తమ్మ గారిని గుర్తుకు తెచ్చింది. ఎనభైల్లో ఈ నరసరావుపేటలోనే నేనున్న ఆడపిల్లల హాస్టలుకు ఆవిడ వార్డెన్. పెదకూరపాడు వైపు మనిషి, చిన్న వయసులోనే భర్త పోయాడని చెప్పుకునేవారు. పొట్టిగా, గట్టిగా ఉండేది. ముక్కుపొడుం అలవాటు. వరండాలో ఆవిడ కన్నా ముందు ఆ ఘాటు వచ్చేది, పిల్లలు తుమ్మి సర్దుకునేవాళ్ళు. మాకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ జడపిన్నుతో చీల్చి చదివేది. మేము రాసేవి శనివారం సాయంత్రం అంటించకుండా ఆవిడ బల్లమీద పెట్టాలి. చదివి, మూలన ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టి, గిన్నెలో అన్నం మెతుకులు తీసి తనే అంటించేది. మేం ఆవిడకు పెట్టుకున్న పేరు సెన్సారు.

నన్ను హాస్టల్లో చేర్చిన రోజు నాకింకా గుర్తు. మా నాన్న మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ. చేతులకు రాతిపొడి, సంతకానికి బొటనవేలు. రత్తమ్మ గారు నా పేరూ మార్కులూ అడిగాక, నోటుపుస్తకం తెరిచి, "మీ ఇంట్లో ఉత్తరం ఎవరు చదువుతారు?" అంది. నాన్న సిగ్గుపడ్డాడు. "మాకెవరికీ రాదమ్మా. పోస్టుమేను మామే అరుగుమీద కూసుని చదివి పెడతాడు. వాడకట్టంతా వచ్చి ఇంటారు," అన్నాడు. ఆవిడ అదంతా రాసుకుంది. ప్రతి పిల్లనూ అదే అడిగేదట. ఇంటి గుట్లన్నీ ఈవిడకెందుకని మేం చాటున తిట్టుకునేవాళ్ళం.

జసింతది రెంటచింతల. ఇంటర్లో నా పక్క మంచం. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేది, ఏది చెప్పినా ముందు ఒక నిమిషం ఆలోచించి అప్పుడు నవ్వేది. నన్ను కోటీ అనేది. కరెంటు పోతే ఇద్దరికీ ఒకటే లాంతరు. దాని గ్లాసు తుడిచే వంతు నాది, వత్తి కత్తిరించే వంతు తనది. గ్లాసుకు మసి పట్టిందని నేను వత్తిని తిట్టేదాన్ని, నీకు తుడవటం చేతకాదని తను నన్ను తిట్టేది. నెలకొక ఆదివారం మమ్మల్ని ఇద్దరిద్దరిగా వరస కట్టించి రత్తమ్మ గారు మ్యాట్నీకి తీసుకెళ్ళేది. ఒకసారి తెరమీద హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకున్నాడు, హాలంతా ఈల వేసింది. అప్పుడు జసింత చెయ్యి నా ఓణీ కింద నా చేతిలో ఉంది. ఎప్పటినుంచి ఉందో ఇద్దరికీ తెలియదు. అందరూ ఎవరికోసం ఈల వేస్తున్నారో చూశాను, నాకు ఎవరికోసం గుండె కొట్టుకుంటోందో చూసుకున్నాను. చెయ్యి లాక్కుందామనుకున్నాను గాని లాక్కోలేదు. ఆ రోజు మొదలైంది నా భయం. నడుస్తుంటే భయం, నవ్వితే భయం, పక్కపక్కన కూర్చుని అన్నం తింటే ఎవరైనా చూస్తున్నారేమోనని భయం. నాకున్న దానికి పేరేమిటో తెలియదు. పేరు లేదు గనక అది లోకంలో నా ఒక్కదానికే వచ్చిందనుకున్నాను.

ఆ చలికాలంలో జసింతకు పచ్చకామెర్లొచ్చాయి. వాళ్ళ నాన్న వచ్చి పసరు మందు వేయించాలని, పత్యం చేయించాలని బస్సెక్కించి తీసుకుపోయాడు. రెండు నెలలు రాదన్నారు. పక్క మంచం మీద పరుపు చుట్టేశారు. పది రోజులు ఓర్చుకుని పదకొండో రోజు ఇన్‌లాండ్ లెటర్ కొన్నాను. రాసిందంతా రాశాక అది సెన్సారు బల్లమీద పెట్టేది కాదని నాకే తెలుసు. నేనే అంటించి, వంటచేసే అంకమ్మక్క కూరగాయలకు బజారుకెళ్తుంటే, "అక్కా, డబ్బాలో వేసిరా," అని చేతిలో పెట్టాను. గొప్ప తెలివితేటలు చూపించాననుకున్నాను.

అంకమ్మక్కకు చదువు రాదు, ఎర్ర టిక్కు మాత్రం తెలుసు. పదేళ్ళుగా హాస్టలు ఉత్తరాలు పోస్టు చేసేది ఆవిడే. నా ఉత్తరం తిప్పితిప్పి చూసి, టిక్కు లేదు, పిల్ల మరిచిపోయుంటుంది, ఉత్తరం తిరిగొచ్చేస్తుందేమో పాపం అనుకుని, తీసుకెళ్ళి రత్తమ్మ గారి బల్లమీద పెట్టింది. పైగా సాయంత్రం నాకు మజ్జిగ పోస్తూ, "టిక్కు లేదమ్మాయ్, అమ్మగారికిచ్చా. రేపు నేనే ఏసొస్తాలే," అంది. మంచి చేశానన్న తృప్తి ఆవిడ మొహంలో కనిపిస్తూనే ఉంది. కంచం అలాగే వదిలేసి లేచాను.

మర్నాడు ఆదివారం పొద్దున పిలుపొచ్చింది. గది దాకా నడిచిన ఆ ఇరవై అడుగుల్లో నా బతుకు అయిపోయిందనే అనుకున్నాను. నాన్నకు కబురు పెడుతుంది. క్వారీ నుంచి ఆయన రాతిపొడి చేతులతోనే వస్తాడు. ఏం జరిగిందని అడిగితే ఈవిడ అది చదివి వినిపిస్తుంది. చదువు మానిపిస్తారు, ఊళ్ళో తలెత్తుకోలేరు. బావి కూడా గుర్తొచ్చింది, అబద్ధమెందుకు. గదిలో బల్లమీద మెతుకుల గిన్నె, పక్కన నా ఉత్తరం, చీల్చి ఉంది.

"కూసో," అంది రత్తమ్మ గారు. నేను కూర్చోలేదు.

"జసింత వాళ్ళింట్లో ఉత్తరం ఎవరు చదువుతారు?"

"తనే చదువుకుంటుందండీ."

"అది మంచంలో ఉంది. ముందు ఎవరి చేతికొచ్చిద్ది?"

ఆవిడ నోటుపుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. జసింత పేరు పక్కన ఆవిడ గుండ్రటి అక్షరాలు: తండ్రికి చదువు రాదు. ఉపదేశి చదువును. గుళ్ళో పూజ అయ్యాక, పంచలో, అందరి ముందర.

వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు, అక్కడ ప్రార్థనలు చెప్పించే పెద్దాయన్ని ఉపదేశి అంటారు. కూతురికి నరసరావుపేట నుంచి ఉత్తరం వచ్చిందంటే వాళ్ళ నాన్న ఎంత మురిసిపోయి పదిమందిని పిలిచి కూర్చోబెడతాడో నాకు అప్పుడు తట్టింది. మా ఇంట్లోనూ అంతేగా. ఉత్తరమంటే అరుగుమీద గట్టిగా వినిపించేదే. పుట్టినప్పటి నుంచీ చూసిన సంగతి, నాకు అవసరమైన రోజునే మరిచిపోయాను.

రత్తమ్మ గారు కళ్ళద్దాలు సర్దుకుంది. ఉత్తరం ఎత్తి పట్టుకుని, చదివిపెట్టేవాళ్ళు చదివే ఆ ఎత్తు గొంతుతో, సాగదీస్తూ, చదవటం మొదలుపెట్టింది. "జసింతా, నీకు పెళ్ళి కాకూడదని మొక్కుకున్నాను అని రాసిందయ్యా. ఏ దేవుడికి మొక్కాలో తెలియక మీ మేరీమాతకే మొక్కాను అని రాసింది. నేను మగవాణ్ణయితే బాగుండునని మాత్రం అనుకోను, నేను నేనుగానే నీ పక్కన ఉండాలని ఉంది అని రాసింది."

"వద్దండీ," అన్నాను. చెవులు మూసుకున్నాను. వెచ్చగా రాసుకున్న మాటలు ఆ గొంతులో పడి, నడిబజార్లో నన్ను నిలబెట్టి బట్టలు విప్పినట్టయింది. గోడ పట్టుకుని కిందికి జారిపోయాను.

ఆవిడ ఆపేసింది. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. చాలాసేపు పొడుం డబ్బా మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. తర్వాత మామూలు గొంతుతో, "తప్పు రాశావని నేనన్లా," అంది. "చదివేవాడి గొంతు మరిచిపోయి రాశావు. ఇది అక్కడికి పోయుంటే నిన్నేమీ చెయ్యలేరు, నువ్వు ఇక్కడున్నావు. ఆ పిల్ల మంచంలో పడుండి ఇంటది. లేచి పోటానికి కూడా లేదు దానికి."

నా గురించి తప్ప జసింత గురించి నేను భయపడనే లేదని అప్పుడు తెలిసింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

సొరుగులోంచి కొత్త ఇన్‌లాండ్ తీసి నా ముందు పెట్టింది. "మళ్ళీ రాయి. ఉపదేశికి అర్థం కానిది రాయబాక, అనుమానం వచ్చిద్ది. ఆయనకు అర్థమయ్యేదే రాయి. ఆ పిల్లకు మాత్రం ఇంకాస్త ఎక్కువ అర్థం కావాలి." గంటసేపు కూర్చుని రాశాను. క్షేమం, పరీక్షలు, పత్యం జాగ్రత్త. చివర్న, "మన లాంతరు గ్లాసు నువ్వు పోయిన నాటి నుంచి నేను తుడవలేదు. నువ్వు వచ్చి వత్తి కత్తిరిస్తేనే తుడుస్తాను," అని. ఆవిడ చదివి టిక్కు పెట్టి, మెతుకు రాసి అంటించింది.

పాత ఉత్తరం నా చేతికిచ్చింది. "ఇది నేను చింపను. నీది. దాచుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం. ఇక్కడ మాటలు ఇక్కడే." దాచుకోమనే అన్నట్టు అనిపించింది నాకు. కాని నేను గది దాటి నేరుగా వంటింట్లోకి పోయి, అంకమ్మక్క అటు తిరగ్గానే పొయ్యిలో వేశాను. ఆవిడ చింపనన్నదాన్ని నేను కాల్చాను. ఎవరూ అడగలేదు, నా భయమే చేయించింది.

పరీక్షల ముందు జసింత సన్నబడి తిరిగొచ్చింది. "ఉపదేశి తాత చదివాడు," అంది. "లాంతరు గ్లాసు తుడవటానికి కూడా బద్ధకమేందీ పిల్లకని అందరూ నవ్వారు కోటీ. నేను మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నా. కళ్ళ పసుపు కనపడకూడదని మా అమ్మ అనుకుంది." అంతే చెప్పి లాంతరు అందుకుంది.

తర్వాత కథ నలుగురికీ తెలిసినట్టే జరిగింది. తనకు పెళ్ళయింది. నేను చేసుకోలేదు, చదువని, ఉద్యోగమని, జాతకమని సాకులు చెప్పాను. చాలా ఏళ్ళు ఉత్తరాలు నడిచాయి. వాటిలో లాంతర్లు, వానలు, పిల్లల జ్వరాలు. ఎవరు చదివినా నష్టం లేని ఉత్తరాలు. ఫోన్లొచ్చాక అవీ తగ్గాయి. రత్తమ్మ గారు నన్ను కాపాడిందా, జన్మంతా భయపడటం నేర్పిందా అని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. కాపాడింది, అందులో అనుమానం లేదు. రెండోదీ చేసింది. ఆవిడకు తెలిసిన కాపాడటం అదొక్కటే. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లేఖారచన పాఠం చెబుతూ, ఎవరు చదువుతారో తలుచుకుని రాయండమ్మా అని ఆవిడ మాటే చెప్పాను. కాల్చిన ఉత్తరం మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కాని నా గొంతులో కాదు. ఎప్పుడు తలుచుకున్నా ఆవిడ గొంతులో, ప్రతి వాక్యానికీ "అని రాసింది" తగిలించుకునే వస్తుంది.

సినిమా మిగతాది శబ్దం లేకుండానే చూశాను. తల్లి ఆ కాగితం చదివి, మళ్ళీ అదే మడతలో పెట్టి, సంచీలో సర్దేసింది. ఇంకేమీ అనలేదు.

సాయంత్రం వాసంతి వచ్చి, చెప్పులు విప్పుతూ, "ఎట్టుందత్తా సినిమా?" అంది. ఆ ఏరు బాగుంది, ఆ పిల్లలు బాగా చేశారు అని నోటిదాకా వచ్చింది. ఉపదేశికి చెప్పే జవాబు. వాసంతి నా వైపే చూస్తోంది. భయమేసింది.

"కూర్చో," అన్నాను. "నీకో ఉత్తరం చదివి వినిపిస్తాను."

"ఏదీ?" అని బల్లమీద వెతికింది.

"కాగితం లేదు."

వాసంతి కూర్చుంది. కిటికీ ఇంకా మూసే ఉంది, తెరవటానికి నాకు ధైర్యం చాలలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "జసింతా, నీకు పెళ్ళి కాకూడదని మొక్కుకున్నాను." గొంతు వణికింది గాని అది నా గొంతే. అక్కడ ఒక్క క్షణం ఆగాను. "అని రాసింది" అనకుండా రెండో వాక్యంలోకి వెళ్ళాను.