మిషను ఆగే పాట

శుక్రవారం సాయంత్రం రేడియోలో కొత్త పాటలు సూచించే ఆయనకు సంగీతం రాదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. కుర్రకారు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసి పంపే ఎలక్ట్రానిక్ పాటలూ, ఊరూపేరూ లేని చిన్న బృందాల పాప్ పాటలూ వారమంతా వినేవాడు. వాటిలో కొన్ని ఏరి, ఒక్కోదాని గురించి రెండు ముక్కలు చెప్పి వినిపించేవాడు. స్టేషన్లో పిల్లలు ఆయన్ని శుక్రవారం తాత అనేవారు. అలా పిలిస్తే పలికేవాడు కూడా.

పాటలు ఏరడంలో ఆయన పద్ధతి బయట ఎవరికీ తెలియదు. భర్త పోయాక చెల్లెలు ఆయన దగ్గరే ఉంటూ ముందుగదిలో బట్టలు కుట్టేది. మిషను పక్కన ఫోను పెట్టి పాట వేసి, ఆయన ఆమె పాదం వంక చూస్తూ కూర్చునేవాడు. ఎక్కడో ఒకచోట తొక్కడం ఆగితే ఆ పాట శుక్రవారానికి వెళ్లేది. నోటితో ఆమె ఇచ్చే తీర్పులు లెక్కలోకి రావు. "ఇది పాటా అన్నయ్యా, వాషింగ్ మెషీనా?" అని తిట్టిపోసిన పాటకే ఒక్కోసారి పాదం ఆగేది.

ఒక వారం చెల్లెలికి జ్వరం వచ్చింది. మిషను మీద దుప్పటి కప్పి లోపల పడుకుంది. ఆయన ఒక్కడే కూర్చుని విని, ఒక కొత్త అమ్మాయి పంపిన పాటను అన్నిటికంటే ముందు పెట్టాడు. సగం దాటాక డ్రమ్ములూ గొంతూ ఆగిపోయి పాటంతా నిశ్శబ్దమైపోతుంది. మౌనాన్ని ఇంత ధైర్యంగా వాడుకున్నవాళ్లు ఈ మధ్య లేరని రేడియోలో చెప్పాడు.

కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. కొందరు నవ్వారు. కొందరు తాతగారికి కునుకు పట్టిందా అని అడిగారు. చివరికి పాట పంపిన ఆ అమ్మాయే ఫోను చేసింది. కోపంగా మాట్లాడలేదు.

"అక్కడ సన్నగా గంట మోగుతుంది సార్. దానికోసమే మిగతావన్నీ ఆపేశాను. మీరు పాట మొత్తం విన్నారా?"

విన్నానమ్మా అన్నాడు. అది అబద్ధం కాదు.

ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని చెల్లెలికి ఆ పాట వేశాడు. సగం దాటింది. ఆయనకు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె దిండు మీంచి తల కొంచెం ఎత్తి అలాగే ఉండిపోయింది.

"మోగుతోందా?"

"మోగుతూనే ఉందిగా" అంది. అన్న మొహం చూసి, "కొంచెమేలే" అంది.

సన్నని శబ్దాలు వినపడటం మానేసి చాలాకాలమే అయి ఉంటుందని చెవి డాక్టరు చెప్పాడు. పోయినవి తిరిగి రావు, మిగతావీ మెల్లగా అదే దారి పడతాయి. తలుపు దగ్గర బెల్లు పాడైందని తాను విసుక్కోవడం, చెల్లెలు ఏమీ అనకుండా లేచి వెళ్లి తలుపు తీయడం ఆయనకు గుర్తొచ్చాయి.

సంగతంతా విన్న స్టేషన్ మేనేజరు, చెల్లెలు విని చెబితే మీరు మాట్లాడండి, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. చెల్లెలూ అదే అంది.

"ఇన్నాళ్లూ నా కాలు చూసేగా చెప్పావు. ఇకనుంచి నోటితో చెబుతాను. తేడా ఏముంది?"

ఆ సంగతి ఆమెకు తెలుసని ఆయనకు అప్పుడే తెలిసింది. కానీ తేడా ఉంది. పాదం ఎందుకు ఆగిందో తెలిసేదాకా ఆయన ఆ పాటను పదేపదే వినేవాడు. రేడియోలో చెప్పే రెండు ముక్కలూ అక్కణ్నుంచే వచ్చేవి. ఆయన కార్యక్రమం మానేశాడు.

తర్వాతి శుక్రవారం ఆ వేళకు చెల్లెలు రేడియో పెట్టలేదు. ఆయనే లేచి పెట్టాడు. ఎవరో కుర్రవాడు హుషారుగా మాట్లాడి ఒక పాట వేశాడు. ఆయన కళ్లు అలవాటుగా మిషను కిందికి వెళ్లాయి.

పాట మధ్యలో పాదం ఆగింది.

"బాగుందా?" అని అడిగాడు.

"దారం తెగింది అన్నయ్యా."

సూదిలో దారం అలాగే ఉంది. ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టి, పాట అయిపోయేదాకా ఆపలేదు.