వైవాలో మేడం గారు

మా కెమిస్ట్రీ మేడం గారు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. పేపర్లో ఫోటో చూసినప్పటి నుంచీ మనసు నిండుగా ఉంది. చేపలు పట్టే కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆవిడ. రాజమండ్రి కాలేజీలో ఎవరు బెదిరినా పక్కన కూర్చుని ఊరి కబుర్లు అడిగేవారు.

మొదటి వైవాకి భయపడుతూనే వెళ్ళాను. చదువు మానేద్దామని అప్పటికే నిశ్చయించుకున్నాను.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు మేడం.

"జంగారెడ్డిగూడెం అండి. పామాయిల్ తోట ఉందండి."

"గెలలు కోశాక నిల్వ ఉంటే ఏమవుతుందమ్మా?"

"నూనె పాడవుతుందండి. ఆమ్లం పెరుగుతుంది."

అలా ఎందుకు జరుగుతుందో చెబుతూ చెబుతూ పాఠమంతా అప్పజెప్పేశాను.

"ఇంత తెలిసీ భయమేంటమ్మా?" అని ఆవిడ నవ్వేశారు.

బయటికి రాగానే నాన్నకు ఫోన్ చేశాను.

"రేపు నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు నాన్నా. ఇక్కడే చదువుకుంటాను."