మాలి రాజుగారూ, మా ప్రకటనల పిల్లా

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, భయం ఎక్కువ, గొంతు అసలే లేదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పడానికి చేరాను. మాది పోలవరం అవతల పల్లె. ఇక్కడ తెలిసినవాళ్లంటూ ఎవరూ లేరు, హాస్టల్ గదిలో రెండో మంచం కూడా ఖాళీయే. సాయంత్రం కాలేజీ వదిలాక మర్నాడు అటెండెన్సు పిలిచేదాకా నోరు విప్పే అవసరమే పడేది కాదు. (కర్రీ పాయింటు ఆయనకైతే వేలు చూపిస్తే చాలు, పప్పు కట్టేసేవాడు.) వాడకం లేకో ఏమో, క్లాసులో నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు. ఆ వెనకంతా సంత. ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆపి, ఇదే గోలైతే వచ్చే టర్ముకి వేరేవాళ్లని చూసుకోవాల్సి వస్తుందని చాలా మర్యాదగా చెప్పారు. ఇంటికెళ్లి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ వారంలోనే వచ్చింది మధ్యయుగపు ఆఫ్రికా పాఠం. మాలి సామ్రాజ్యం బలం ఒక్క బంగారంలోనే లేదని, దారులు కాపాడి వర్తకుల్ని నిర్భయంగా తిరగనిచ్చిన రాజుల్లో ఉందని, గట్టివాడు పోయి మెతకవాడు గద్దెనెక్కేసరికి అదే బంగారం ఉన్నా రాజ్యం చెయ్యి జారిందని ముందు బెంచీకి చెబుతున్నాను. మాలి రాజు కొలువులో గొంతెత్తేవాడు కాదట, పక్కనున్న మనిషికి మెల్లగా చెబితే అతను అందరికీ వినిపించేవాడట, అన్నాను. ముందు బెంచీలో ఒకమ్మాయి ఉండేది. వాళ్ల లూథరన్ చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివేది ఆ పిల్లే (మైకు లేకుండా). లేచి నిలబడి, "మీరు మెల్లగా చెప్పండి మేడమ్ గారూ, నేను వినిపిస్తానండి" అంది. వినిపించింది. చివరి బెంచీలో నిద్రపోతున్నవాడు లేచి కూర్చున్నాడు.

అప్పటినుంచి నేను గొణగడం, ఆమె చాటడం. క్లాసు దారికొచ్చింది. కాకపోతే మా ప్రకటనల పిల్లకి ఉన్నదున్నట్టు చెబితే తృప్తి ఉండేది కాదు. రాజు ఎదటికొచ్చినవాళ్లు నెత్తిన దుమ్ము పోసుకునేవారని నేనంటే, అసైన్‌మెంటు తేనివాళ్లూ పోసుకోవాలని మేడమ్ గారి ఆజ్ఞ అని కలిపేసింది. వెనక బెంచీ కుర్రాళ్లు వచ్చి బోర్డు కింద రాలిన సుద్దపొడిని ఎంతో భక్తిగా నెత్తిన చల్లుకుంటూ ఉండగా ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోకొచ్చారు. ఆ తెల్లటి తలలకేసి కాసేపు చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను. క్లాసు నిశ్శబ్దంగా ఉందండి, అని తలాడిస్తూ వెళ్లిపోయారు. ఆ నెల్లోనే నా ఉద్యోగం ఖాయం చేశారు.

ఉద్యోగం నిలబడింది గానీ, నాతో నేరుగా మాట్లాడడం అందరూ మానేశారు. సందేహాలు ఆ పిల్ల ద్వారానే, సెలవు చీటీలు ఆ పిల్ల ద్వారానే. గోదావరి గట్టు మీద ఎదురైన విద్యార్థులు కూడా నమస్కారం పెట్టి, ఆమె కోసం అటూ ఇటూ చూసి, కనబడక పక్కకి తప్పుకునేవారు. (అక్కడ నవ్వొచ్చేది. గదికెళ్లాక వచ్చేది కాదు.) ఉద్యోగం ఊడుతుందన్న రోజుల్లో కూడా నేనంత ఒంటరిగా లేను.

పాఠం ముగిసే రోజున ఆ పిల్ల తన మాటగా, మొదటిసారి చాలా మెల్లగా అడిగింది.

"మరి ఆ రాజుగారు కబుర్లు ఎవరితో చెప్పుకునేవారండి?"

నాకు సాయంత్రం గట్టుకి రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం, అనాలనిపించింది. కానీ మేడమ్‌ని కదా.

"అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, క్లాసు వైపు తిరిగి, "సిలబస్‌లో లేదంటండీ" అని చాటింది. అందరూ బుద్ధిగా రాసుకున్నారు.

ఇప్పుడు నా గొంతు వరండా చివరిదాకా వెళుతుంది. పిల్లలు స్టాఫ్‌రూముకొచ్చి కూర్చుంటే ఒక పట్టాన లేవరు. అయినా ఏటా ఆ పాఠం అయ్యాక పుస్తకం మూసి కాసేపు ఊరికే నిలబడతాను, ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారేమోనని. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సమాధానం మాత్రం తయారుగా పెట్టుకున్నాను: సాయంత్రం ఖాళీయేనా, అని.