నా గొంతు అని నేననుకున్నది

ఆ రోజుల్లో మనిషి తన గొంతు తాను వినకుండానే పుట్టి, పెరిగి, ముసలివాడై వెళ్లిపోవచ్చు. మొహం చూసుకోవడానికి ప్రతి ఇంట్లో గోడకు ఒక అద్దం ఉండేది. గొంతుకు అద్దం లేదు. మన చెవులకు లోపలి నుంచి ఏది వినబడితే అదే మన గొంతని, లోకానికీ అలాగే వినబడుతోందని నమ్మి బతికేవాళ్లం. ఆ నమ్మకం మీదే చిత్తూరులో నేను రెండేళ్లపాటు గాయకుడిగా చలామణీ అయ్యాను. డెబ్బైల చివరి మాట ఇది. నాకు పదిహేడేళ్లు, ఇంటర్మీడియట్ చదువుతున్నాను (అని ఇంట్లో అనుకునేవాళ్లు).

మా బృందం పేరు 'సప్తస్వరాలు'. ఉన్నది నలుగురమే. మిగతా మూడు స్వరాలు తర్వాత దొరుకుతాయిలే అనుకున్నాం. డోలక్ వాయించేవాణ్ణి గుండు అనేవాళ్లం, వాడి తమ్ముడు గిలక్కాయలు ఊపేవాడు. హార్మోనియం వాయించేవాడి పేరు పిల్లి. వాడు గదిలోకి వచ్చినా, పోయినా ఎవరికీ తెలిసేది కాదు, అందుకని ఆ పేరు. వాళ్ల నాయన బెల్లం మండీలో పనిచేసేవాడు. హార్మోనియం వాళ్ల తాత భజన గుడిలో వాయించింది. పిల్లి తలొంచుకుని వాయిస్తూ నాకు తోడుగా పాడేవాడు. ముందు నిలబడి, ఒక చేత్తో మైకు కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో గాలిలో ముగ్గులు పెడుతూ పాడేది నేను. వినాయక చవితి పందిళ్లు, పుష్పవతి ఫంక్షన్లు, పెళ్లిళ్లు, అన్నిటికీ మైకుసెట్టు మామ ఆంప్లిఫయర్ పెట్టె, రెండు మైకులు, రెండు హారన్లు తెచ్చేవాడు. ఒక మైకు నాకు, ఒకటి కిందగా హార్మోనియం దగ్గర. హారన్లు జనం వైపు తిప్పి కట్టేవాడు కాబట్టి వేదిక మీద నాకు నా గొంతే వినబడేది. పాట అయ్యాక ఎవరో ఒకరు వచ్చి "ఏం గొంతబ్బా నీది, తేనె పోసినట్టుండాది" అనకుండా పోయేవాళ్లు కాదు. ఆ మాటలు విని నేను ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకునేవాణ్ణి. పెరుగు మానేశాను, మిరియాలు నమిలేవాణ్ణి. అమ్మతో అవసరమైతే తప్ప గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు, గొంతు అరిగిపోతుందని.

అలాంటి రోజుల్లో కువైట్ నుంచి మా బావ టేప్ రికార్డర్ తెచ్చాడు. మా వీధిలో అదే మొదటిది. "బామ్మర్దీ, నీ పాట దీంట్లో పట్టి పెడతాం, నీ బిడ్డలు గూడా వింటారు" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మా నడవలో తలుపులు మూసి, ఫ్యాను ఆపి, అమ్మను రుబ్బడం మానమని చెప్పి రికార్డింగు మొదలుపెట్టాం. మిషన్ను ఒక స్టూలు మీద, సరిగ్గా నా మూతికి ఎదురుగా పెట్టాం. గాయకుణ్ణి నేనే కదా. పిల్లి హార్మోనియం పెట్టుకుని మూలన కూర్చున్నాడు. చెమటలు కారుతుండగా ఒక సినిమా పాట పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడాను. అయిపోయాక కళ్లు తుడుచుకున్నాను కూడా. నా పాటకు నాకే కన్నీళ్లొచ్చాయి మరి.

బావ టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు. ముందు డోలక్ వచ్చింది, హార్మోనియం వచ్చింది, బాగానే ఉన్నాయి. తర్వాత ఎవరో పాడడం మొదలుపెట్టారు. ఆ మనిషికి ముక్కులో ఏదో అడ్డం పడినట్టుంది. పైకి వెళ్లాల్సిన చోటికి కొంచెం ముందే ఆగిపోతున్నాడు, కిందికి దిగాల్సిన చోట జారిపడుతున్నాడు. రేకు మీద కొబ్బరిచిప్ప గీకితే వచ్చే చప్పుడులో మాటలుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎవరు వీడు అన్నట్టు నేను గుండు వైపు చూశాను. గుండు డోలక్ తాళ్లు బిగించుకుంటున్నాడు. పిల్లి నేల చూపులు చూస్తున్నాడు. వంటింట్లోంచి అమ్మ, "ఎవురో ఏడస్తాండారు, ఏమైందో పొయ్యి సూడండి" అంది.

"మిషన్ చెడిపోయింది బావా" అన్నాను. బావ మొహం మాడిపోయింది. సముద్రం దాటి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన వస్తువు. వెంటనే ఒక్కొక్కరి చేతా మాట్లాడించి పట్టాడు. గుండు గొంతు గుండుదే. అమ్మ గొంతు అచ్చం అమ్మదే. బావ దగ్గు కూడా బావ దగ్గే. "సూడు, అందరివీ సరిగ్గా వస్తాండాయి" అన్నాడు. "నాది ఒక్కటే చెడగొడతాండాది" అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నేను పూర్తిగా నమ్మే అన్నాను. ఈ రోజు తలచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

మరునాడు పొద్దున్నే ఆ మిషన్ను దుప్పట్లో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని మైకుసెట్టు మామ అంగడికి తీసుకెళ్లాను. రేడియోలు కూడా ఆయనే బాగుచేసేవాడు. సంగతి చెప్పాను. ఆయన మారుమాట లేకుండా మూత విప్పి, టేపు తగిలేచోట దూదితో తుడిచి, తను నాలుగు మాటలు మాట్లాడి విన్నాడు. బాగుంది. నన్ను పాడమన్నాడు. రెండు లైన్లు పాడాను. వినిపించాడు. నిన్నటి మనిషే. మామ మిషన్ ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఒక స్టూలు నావైపు జరిపాడు.

"కూసో అబ్బా" అన్నాడు. "దీంట్లో ఏం లోపం లేదు."

"మరి రెండేండ్లుగా హారన్లలో బాగా వస్తాండింది కదా మామా."

"హారన్లలో వస్తాండింది నువ్వు కాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన గొంతు తగ్గించి, చావు కబురు చెప్పేటంత నిదానంగా చెప్పాడు. "మొట్టమొదటి పందిట్లో నువ్వు పాట ఎత్తుకుంటానే జనం లేచి పోవడం మొదలుపెట్టినారు. నాకేం చెయ్యాల్నో తోచలేదు. నీ మైకు ఆపేసినాను. కింద మైకులో ఆ పిల్లి పిలగాడు పాడతాండాడు. దాన్ని పెంచినాను. లేచినోళ్లు మళ్లీ కూసున్నారు. ఆ పొద్దునుంచీ అంతే."

"అన్ని ప్రోగ్రాముల్లోనా?"

"పాకాల పెండ్లిలో ఒకసారి మర్సిపోయినాను. ఆడ ఏమైందో నీకు గుర్తుండాలి."

గుర్తుంది. పాకాల పెళ్లిలో మొదటి పాట సగంలోనే పెళ్లి పెద్ద పరిగెత్తుకుంటూ వచ్చి, "చాలు నాయనా, మీరు పొయ్యి బోంచెయ్యండి" అన్నాడు. మా మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

అంగడి నుంచి బయటికి వచ్చాక సైకిలు ఎక్కాలన్న సంగతి కూడా మరిచిపోయి, దాన్ని తోసుకుంటూ బెల్లం మండీ దాకా నడిచాను. ఎదురుపడిన ఒకాయన "ఏమబ్బా, మీ చవితి పాటలు ఇంగా తలుచుకుంటా ఉండాం" అన్నాడు. ఆయన తలుచుకున్నది నన్ను కాదని ఇప్పుడు తెలుసు. తల దించుకుని సైకిలు ఇంకా జోరుగా తోశాను. మండీలో బెల్లం దిమ్మెల పక్కన పిల్లి ఈగలు తోలుతున్నాడు. "నీకు తెలుసునా?" అని అడిగాను. ఏమిటని వాడు అడగలేదు. నా మొహం చూసి తల వంచుకున్నాడు.

"తెలుసు. హారన్లో నా గొంతు నాకు తెలీదా" అన్నాడు.

"రెండేండ్లు గమ్మునుండావే."

"చెప్తే నువ్వు నిలబడవు. నువ్వు నిలబడకపోతే అందరూ నన్ను సూస్తారు. సూస్తే నాకు నోరు రాదు." ఒక ఈగను తోలి, "అందరూ నిన్నే సూస్తాంటే ఎంత హాయిగా పాడుకుంటానో నీకేం తెలుసురా" అన్నాడు. అంతవరకు వాడు ఒకేసారి అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. నిజమే, ఎనిమిదో తరగతిలో అయ్యవారు వాణ్ణి లేపి ప్రార్థన పాడమంటే, వాడు నోరు తెరిచి, అలాగే తెల్లబోయి, బల్ల మీదికి ఒరిగిపోయాడు. మొహాన నీళ్లు చల్లింది నేనే.

ఇంటికెళ్లిపోయాను. పెరుగు తిన్నాను, రెండు గిన్నెలు. మఫ్లరు తీసి దండెం మీద పడేశాను. ఆ గురువారమే తిరుపతిలో ఒక పెళ్లికి ఒప్పుకుని ఉన్నాం. రానని చెబుదామనుకున్నాను. కానీ దానికోసమే ఎర్ర శాటిన్ చొక్కా కుట్టించుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత దెబ్బ తిన్నాక కూడా నన్ను బస్సెక్కించింది ఆ చొక్కానే.

పొద్దున ముహూర్తం అయ్యాక, భోజనాల బంతులు సాగుతుండగా మా పాటలు. ఆపేసిన మైకని తెలిసి దాని ముందు నిలబడడం అదే మొదటిసారి. మామ నా కళ్లలోకి చూడకుండా మీటలు తిప్పుకున్నాడు. ఎలాగూ వినబడదు కదా అని నేను పెదాలు మాత్రం కదిపాను. అప్పుడు జరిగింది నేను అనుకోనిది. రెండేళ్లు నా గొంతుతో నా చెవులు నింపుకున్నాను, ఇప్పుడు అది ఆగగానే వెనకనుంచి పిల్లి పాట వినబడింది. వాడితో ఎనిమిదేళ్ల స్నేహం. వాడు పాడగా నేను వినడం అదే మొదలు. బంతిలో వడ్డిస్తున్న ఒకాయన సాంబారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇంత మంచి గొంతు పక్కన పెట్టుకునా నేను మిరియాలు నమిలింది అనిపించింది.

పాటలు అయిపోయి మామ వైర్లు చుడుతుండగా పెళ్లికూతురి అన్న వచ్చాడు. వాళ్ల తాత కాలు విరిగి మేడమీద గదిలో మంచాన ఉన్నాడట. కిందికి దిగలేక కిటికీలోంచే విన్నాడట. పాడిన అబ్బాయి పైకి వచ్చి ఒక పాత కీర్తన పాడాలని పట్టుబట్టాడట. "రాప్పా, మైకు గీకు ఏం వద్దు, ఊరికే పాడితే సాలు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మామ చేతిలోని వైరు జారి కిందపడింది.

నేను పిల్లిని హార్మోనియంతో సహా లాక్కుని మెట్లెక్కాను. "నువ్వే పాడాల" అని చెవిలో చెప్పాను. గదిలో తాత ఒక్కడే ఉంటాడనుకున్నాం. మంచం చుట్టూ ఇరవైమంది ఆడవాళ్లు, తలుపు దగ్గర మగవాళ్లు. పిల్లి మంచం తలవైపు హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు ఆడాయి. తలెత్తి అన్ని కళ్లు చూశాడు. ఎనిమిదో తరగతి తెల్లదనం వాడి మొహంలోకి ఎక్కడం నాకు కనబడింది. తాత నావైపు చూసి, "పాడు నాయనా, కానీ" అన్నాడు.

గత్యంతరం లేక నేను ఎత్తుకున్నాను. ఒక పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాత కిటికీ బయట ఉన్న హారన్‌ను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "పాపం, పాడి పాడి గొంతు రాసకపోయిండాది. యాన్నీళ్లు తెచ్చియ్యండమ్మా" అన్నాడు. వేడినీళ్లు తెచ్చారు. తాగుతూ గమనించాను, గదిలో ప్రతి కన్నూ నామీదే ఉంది. నిర్ఘాంతపోయినవాళ్లకు చూపు తిప్పుకోవడం చేతకాదు. పిల్లి వైపు చూసే మనిషి ఒక్కరూ లేరు. గ్లాసు కింద పెట్టి నేను నెమ్మదిగా కిటికీ దగ్గరికి, వాడికి దూరంగా జరిగాను. చేతులు చాచి, కళ్లు పెద్దవి చేసి, ఇంకా గట్టిగా మొదలుపెట్టాను. నా జీవితంలో నేను తెలిసి తెలిసి అంత అన్యాయంగా పాడింది అప్పుడే.

రెండో లైనులో మంచం వెనకనుంచి పిల్లి అందుకున్నాడు.

నేను గొంతు తగ్గించుకుంటూ వచ్చి ఆగిపోయాను. తలలు ఒక్కొక్కటే అటు తిరిగాయి. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు, తెలియలేదు. చరణం ముగించి కళ్లు తెరిచాడు. ఇరవైమంది తననే చూస్తున్నారు. వాడి పై పెదవి మీద చెమట పట్టింది. తాత చెయ్యి చాపి వాడి భుజం మీద వేసి, "ఆ చరణం ఇంగోసారి, నాయనా. నన్ను సూసి పాడు, వీళ్లతో నీకేం పని" అన్నాడు. పిల్లి తాత మొహం ఒక్కటే చూస్తూ, కళ్లు తెరుచుకుని, మొత్తం పాడాడు.

పాట అయ్యాక తాత నావైపు తిరిగాడు. "మరి నువ్వేం చేస్తావబ్బా?" అని అడిగాడు. ఎగతాళి లేదు, తెలుసుకోవాలనే అడిగాడు.

"నేను ముందర నిలబడతాను తాతా" అన్నాను.

ఆ తర్వాత పిల్లి ఇరవైయేళ్లకు పైగా చిత్తూరు జిల్లాలో పాడని ఊరు లేదు. మొదట్లో కొన్నాళ్లు వాడి పక్కన నిలబడి పాటల మధ్యలో మాటలు చెప్పేవాణ్ణి, తర్వాత ఉద్యోగం వచ్చి గూడూరు వెళ్లిపోయాను. ఇప్పుడు మనవరాలు ఫోనులో వాయిస్ మెసేజ్ పెట్టు తాతా అంటుంది. నేను ఒంటివేలితో టైపు చేసి పంపుతాను. అయినా ఆ పదిహేడేళ్ల కుర్రవాడి మీద నాకు కోపం రాదు. అంత ధైర్యంగా, అంత సంతోషంగా, రెండేళ్లపాటు ఎవరికీ వినబడకుండా పాడినవాణ్ణి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.