తొక్కుడు తొట్టి

మా పెద్దమ్మకి దుప్పట్లుతికే దుకాణముంది, వీధి చివరిదాకా వినపడే నోరుంది. రెంటిలో ముందు పుట్టింది నోరే. లాడ్జీల నుంచి దుప్పట్లు మూటలుగా వస్తాయి, ఉతికి ఆరేసి మడతపెట్టి పంపుతుంది. పెదనాన్న ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ సిమెంటు తొట్టిలో దిగి కాళ్ళతో తొక్కేవారు. ఆయన పోయాక ఒక్కతే తొక్కింది. ఆవిడ మోకాళ్ళు మొండికేశాక కొడుకు పెద్ద మిషను కొని వెనక గదిలో పెట్టించాడు. తొట్టి ఖాళీగా మిగిలింది.

అందులోకి మా అమ్మాయి ఎలా దిగిందో చెప్పాలి. దానికి ఆటలంటే కడుపునొప్పి. మాటవరసకి కాదు, డ్రిల్లు పీరియడున్న రోజు పొద్దున్నే నిజంగానే మెలికలు తిరిగిపోయేది. జట్లు వేసుకునేటప్పుడు అందరూ అయిపోయాక అదొక్కతే మిగిలేది. "మీరే ఉంచుకోండి", "అబ్బే, మీరే ఉంచుకోండి" అని రెండు జట్లూ మర్యాదలు చేసుకునేవి. బంతి వస్తే చేతులు నెత్తిన పెట్టుకుని కళ్ళు మూసుకునేది. భయం పోతుందని నేను కొన్న బంతులన్నీ అటక మీదున్నాయి, కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. జట్టుగా ఆడితేనే పిల్లలు మనుషులవుతారని ఆటల మేస్టారు నాకు క్లాసు పీకాడు. ఆయనేమో తోటి మేస్టర్లతో పడక రోజూ మెట్ల కింద ఒక్కడే కూర్చుని కేరేజీ విప్పుకునే మనిషి. 

ఒక సెలవు రోజు దాన్ని పెద్దమ్మ దగ్గర దింపి పనిమీద వెళ్ళాను. ఆడుకోవే అన్నందుకు అది మూలకెళ్ళి ముడుచుకుని కూర్చుందట. పెద్దమ్మకి ఏం తట్టిందో, తన సొంత పాత దుప్పట్లు తొట్టిలో పడేసి, సబ్బునీళ్ళు పోసి, లాడ్జీవాళ్ళు ప్రాణాలు తోడేస్తున్నారు, కాస్త తొక్కిపెట్టమని పచ్చి అబద్ధమాడింది. నేను తిరిగొచ్చేసరికి నా కూతురు మోకాళ్ళలోతు నురగలో, జడ విడిపోయి, ఏదో కూనిరాగం తీస్తూ తొక్కుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే బాగుండదని గౌను పాడుచేసుకుందని తిట్టాను.

మెల్లగా బళ్ళో మిగిలిపోయే సరుకంతా అక్కడికే చేరింది. సోడాబుడ్డి కళ్ళద్దాలవాడొకడు, మనిషి కనపడితే మాట పడిపోయే పిల్లొకతి, తన కాలికి తన కాలే అడ్డం పెట్టుకుని పడేవాడింకొకడు. తొక్కాక తడి దుప్పటి చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పేవారు, దానితోపాటు వాళ్ళూ గిరగిరా తిరిగేవారు. తర్వాత భుజాన వేసుకుని వరసగా మేడెక్కి, ఎగిరి తీగ మీద విసిరేవారు. గెలిచేవాడు లేడు, ఓడేవాడు లేడు, ఈల ఊదేవాడు అసలే లేడు. పిల్లలు వెళ్ళాక పెద్దమ్మ ఆ దుప్పట్లే తీసి దాచి, మర్నాడు మళ్ళీ తొట్టిలో వేసేది. అసలు సరుకు వాళ్ళు బళ్ళో ఉన్నప్పుడు మిషన్లో తిరిగేది.

ఎందుకీ నాటకమని అడిగాను. "ఆట అని చెప్పి చూడు, ఒక్కడూ రాడు. ఆటంటే వాళ్ళకి తిట్లు తినడమేనే. పనంటే, తాము లేకపోతే జరగదనుకుంటారు. అనుకోనీ," అంది.

నాటకం బాగానే ఉంది గానీ నోరొకటుంది కదా. మెల్లిగా తొక్కండి, లాడ్జీ దుప్పటి చిరిగినా లోడు ఆలస్యమైనా ఒక్కొక్కళ్ళ చెవులు మెలేస్తానని వీధి దద్దరిల్లేలా అరిచేది. ఎవరో పుణ్యాత్ములు విని, పసిపిల్లల చేత చాకిరీ చేయిస్తోందని ఫిర్యాదు పెట్టారు.

లేబర్ ఆఫీసరమ్మ వచ్చేసరికి పిల్లలు తొట్టిలోనే ఉన్నారు. ఏం చేస్తున్నారని అడిగితే కళ్ళద్దాలవాడు ఛాతీ విరుచుకుని, లాడ్జీ దుప్పట్లండీ, మేం తొక్కకపోతే లోడు వెళ్ళదండీ అన్నాడు. ఆవిడ మొహం మాడిపోయింది. ఇదే నిజమైతే కేసు తప్పదని, దుకాణానికి తాళం పడుతుందని చెప్పింది. వెనక గది తలుపు తీసి చూపిస్తే చాలు, గండం గడిచినట్టే. పెద్దమ్మ మాత్రం కదలదు, మెదలదు. ఆవిడ నోరు మూతపడటం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"చెప్పు పెద్దమ్మా, దుకాణం పోతుంది," అన్నాను చెవిలో.

"చెప్తే వీళ్ళు పోతారే," అంది.

ఆఫీసరమ్మ మళ్ళీ అడిగింది. అప్పుడు పెద్దమ్మ వెళ్ళి తలుపు తీసింది. మిషను చూపించింది, మడతపెట్టిన లాడ్జీ సరుకు చూపించింది. పిల్లలు తొక్కేవి తన చింకి దుప్పట్లేననీ, రోజూ అవేననీ, పనీ లేదు పాడూ లేదనీ గోడకేసి చూస్తూ చెప్పింది. ఆఫీసరమ్మ తొట్టిలోంచి ఒక దుప్పటి ఎత్తింది. దాని చిల్లులోంచి అవతలి గోడ కనిపించింది. ఆవిడ దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలి, కాస్త గొంతు తగ్గించుకోమని పెద్దమ్మకి చెప్పి వెళ్ళిపోయింది.

తొట్టిలో కళ్ళద్దాలవాడు తల వంచుకున్నాడు. మా అమ్మాయి పెదవి బిగించింది, డ్రిల్లు రోజు పొద్దున్న బిగించినట్టే. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఇవి లాడ్జీవి కావా అమ్మమ్మా?"

"కావే."

"చిరిగితే ఎవరూ అడగరా?"

"నా చింకి దుప్పట్లు ఎవరడుగుతారే."

"మరి ఇన్నాళ్ళూ మెల్లిగా తొక్కండి, మెల్లిగా తొక్కండి అని ఎందుకు చంపావ్?"

అని, మా అమ్మాయి తొట్టి గట్టెక్కి, అక్కణ్ణించి రెండు కాళ్ళతో దభాలున దూకింది. సబ్బునీళ్ళు లేచి పెద్దమ్మని నిలువునా తడిపేశాయి. ఆవిడ తేరుకునేలోపు మిగతావాళ్ళు గట్టు మీద వరస కట్టేశారు. పెద్దమ్మ నోరు తెరిచింది. ఏమని తిట్టిందో ఇక్కడ రాయలేను. తిడుతూనే వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది.